జడ్జింగ్‌కు వెళ్లే క్లాసిక్ కార్లకు అసలు విడిభాగాలు: అమ్మే చోట్లపై ఒక సమీక్ష

పాత కారును నడుపుకోవడానికి కావలసిన విడిభాగాలు సంపాదించడం ఈ రోజుల్లో పెద్ద కష్టమేమీ కాదు. అదే కారును పాత కార్ల పోటీలో, అసలుతనాన్ని లెక్కగట్టే జడ్జీల ముందు నిలబెట్టాలంటే మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడ చక్కగా పనిచేసే భాగమైతే చాలదు. ఆ కారు ఫ్యాక్టరీ నుంచి బయటకు వచ్చిన రోజున దాని మీద ఉండగలిగిన భాగమే కావాలి. ఈ ఒక్క అవసరాన్ని కొలబద్దగా పెట్టుకుని, పాత నిల్వలు అమ్మే వ్యాపారులు, కంపెనీల సొంత క్లాసిక్ విభాగాలు, విడిభాగాల సంతలు, వాడిన భాగాలను బాగుచేసి ఇచ్చే వర్క్‌షాపులు ఎంతవరకు నమ్మదగినవో ఇక్కడ పరిశీలిస్తున్నాను. నా పరిచయం ఎక్కువగా 1960ల నాటి అమెరికన్ కార్లతో కాబట్టి ఉదాహరణలు కూడా అటే మొగ్గుతాయి.

భాగం కొనే ముందు ఏ పోటీకి వెళ్తున్నామో తేల్చుకోవాలి, ఎందుకంటే అన్ని పోటీలూ ఒకే కళ్లతో చూడవు. షెవ్రొలే స్పోర్ట్స్ కారు కార్వెట్ కోసం 1974లో ఏర్పడిన నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ, అంటే ఎన్‌సీఆర్‌ఎస్, కారును 4,500 పాయింట్లకు లెక్కగడుతుంది. 94 శాతం దాటితే టాప్ ఫ్లైట్, 85 దాటితే సెకండ్ ఫ్లైట్, 75 దాటితే థర్డ్ ఫ్లైట్. అక్కడ అసలుతనానికి ఒక లెక్క, భాగం ఎలాంటి స్థితిలో ఉందన్నదానికి మరో లెక్క ఉంటాయి. అసలుతనాన్ని మళ్లీ ఐదు కోణాల్లో చూస్తారు: ఆకృతి, తేదీ, సంపూర్ణత, అమరిక, ఫినిష్. 1935 నుంచి ఉన్న ఆంటీక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా, అంటే ఏఏసీఏ, 400 పాయింట్ల పద్ధతిలో తప్పులకు పాయింట్లు కోసుకుంటూ పోతుంది, కానీ తేదీల తనిఖీ అక్కడ అంత లోతుకు పోదు. బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ మీది తేదీ రెండేళ్లు తేడాగా ఉంటే మొదటి చోట పాయింట్లు పోతాయి, రెండో చోట అది ఎవరి కంటా పడకపోవచ్చు. కాబట్టి ఒకే వ్యాపారి ఒకరికి గొప్పవాడుగా, మరొకరికి పనికిరానివాడుగా కనిపించడంలో వింత లేదు.

తేదీల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అమ్మకందారుల అసలు రంగు బయటపడేది ఇక్కడే. జనరల్ మోటర్స్ పోత భాగాల మీద నెలకు ఒక అక్షరం, తరువాత రోజు, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె ఉంటాయి. 'సి 15 7' అంటే మార్చి 15, ఏడుతో ముగిసే సంవత్సరం. అది 1957నో 1967నో తేల్చేది పక్కనే ఉండే కాస్టింగ్ నంబరు, అంటే పోతలోనే వచ్చే భాగం నంబరు. ఇంజన్ ముందు భాగంలోని చదునైన ప్యాడ్ మీద 'వి0315హెచ్‌ఈ' లాంటి ముద్ర ఉంటే, మొదటి అక్షరం ఫ్లింట్ కర్మాగారాన్ని, మధ్య అంకెలు ఇంజన్ బిగించిన నెలనూ రోజునూ, చివరి అక్షరాలు ఇంజన్ రకాన్నీ చెబుతాయి. డెల్కో-రెమీ కంపెనీ ఆల్టర్నేటర్ల మీద వరస తిరగబడి ముందు సంవత్సరం, తరువాత నెల, చివర రోజు వస్తాయి. ఆ కాలపు హోలీ కంపెనీ కార్బురేటర్ల మీద రోజుకు బదులు వారం ఉంటుంది. ఫోర్డ్ సంస్థ నెలల అక్షరాల్లో 'ఐ'ని వదిలేసింది కాబట్టి అక్కడ సెప్టెంబరుకు 'జె' వస్తుంది, జనరల్ మోటర్స్ పోతల్లో మాత్రం 'ఐ' అంటేనే సెప్టెంబరు. ఈ తేడా తెలియని అమ్మకందారు ఫోర్డ్ భాగాల తేదీలను ఒక నెల అటూఇటూగా చదివి చెబుతుంటాడు.

తేదీ కుదరడమంటే కారు తయారైన రోజుతో సరిగ్గా కలవడం కాదు. భాగం ముందు తయారై, తరువాత కారులోకి వెళ్తుంది. కాబట్టి దాని తేదీ కారు తేదీకి ముందే ఉండాలి, అది కూడా మరీ వెనక్కి పోకుండా సాధారణంగా ఆరు నెలల లోపు ఉండాలి. కారు కంటే వారం తరువాత పోతపోసిన మానిఫోల్డ్ ఎంత కొత్తగా మెరిసినా ఆ కారుది కాదని జడ్జి ఒక్క చూపులో చెప్పేస్తాడు.

ఇక పాత నిల్వలు అమ్మే వ్యాపారుల సంగతి. వాడుకలో వీటిని ఎన్‌ఓఎస్ భాగాలంటారు. ఎప్పుడో తయారై, డీలర్ల గోదాముల్లో మిగిలిపోయి, కారుకు ఎక్కకుండానే ఇప్పటిదాకా వచ్చినవన్నమాట. ఈ మూడక్షరాలకు మార్కెట్‌లో ఉన్న విలువ జడ్జింగ్ మైదానంలో లేదు. ఎందుకో చాలామంది వ్యాపారులు చెప్పరు, నేను చెబుతాను. డీలర్ల గోదాములకు వెళ్లినవి కారు బిగించే వరుసకు వెళ్లిన భాగాలు కావు, మరమ్మతుల కోసం కేటాయించిన సర్వీసు భాగాలు. ఒక మోడల్ తయారీ ఆగిపోయిన తరువాత కూడా కంపెనీ సర్వీసు భాగాలు చేయిస్తూనే ఉంటుంది. ఆ క్రమంలో అచ్చు మారుతుంది, అదనపు రంధ్రాలు వస్తాయి, పూత మారుతుంది, రెండు మూడు మోడళ్లకు ఒకటే భాగం సరిపోయేలా ఆకృతి సవరిస్తారు. కంపెనీ దృష్టిలో అది అసలు భాగమే. జడ్జి దృష్టిలో అది ఆకృతిలోనూ తేదీలోనూ తప్పిన భాగం.

ఫోర్డ్ నంబర్లు ఈ విషయాన్ని బాగా పట్టిస్తాయి. 'సి5జడ్‌జడ్' అని మొదలయ్యే నంబరులో 'సి' 1960ల దశాబ్దాన్ని, '5' ఆ దశాబ్దంలోని ఐదో సంవత్సరాన్ని, మొదటి 'జడ్' మస్టాంగ్‌ను, చివరి 'జడ్' అది సర్వీసు నంబరన్న సంగతిని తెలుపుతాయి. ఇది పెట్టె మీద ఉండే నంబరు. భాగం మీద పోతపోసేది ఇంజనీరింగ్ నంబరు, అక్కడ నాలుగో స్థానంలో ఇంజన్ విభాగానికి 'ఈ', బాడీకి 'బి' లాంటి అక్షరాలు వస్తాయి. పెట్టె మీద 1965 నాటి సర్వీసు నంబరు ఉండి, లోపలి భాగం మీద 1968 నాటి ఇంజనీరింగ్ నంబరు ఉండడం అరుదేమీ కాదు. అందులో మోసం లేదు, సర్వీసు నిల్వలు నడిచే తీరే అది. పెట్టె ఫోటో మాత్రమే చూపించి భాగం అమ్మేవాడిదే తప్పు.

నేను పేరు చెప్పదలచుకోని ఒక వ్యాపారి దగ్గర నాకు ఎదురైంది ఇదే. ఆల్టర్నేటర్ ప్రకటనలో పెట్టె, లేబుల్, పుల్లీ అన్నీ నాలుగు వైపుల నుంచి కనిపించాయి. నంబరు ముద్రించి ఉండే అంచు మాత్రం ప్రతి ఫోటోలోనూ నీడలోనే ఉంది. అడిగితే, పెట్టె సీలు తీస్తే విలువ పోతుందన్నారు. వచ్చిన భాగం తేదీ కారు కంటే ఏళ్ల తరబడి తరువాతిది. డబ్బు తిరిగి వచ్చింది, కానీ రవాణా ఖర్చూ పోయిన కాలమూ రాలేదు. పెట్టెలను నమ్మే అలవాటున్న వారికి 'పైన పటారం లోన లొటారం' అన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పాత పెట్టెలూ లేబుళ్లూ కొత్తగా అచ్చువేసి అమ్మేవారున్నారు. అంతకంటే మామూలుగా జరిగేది ఇంకొకటుంది: ఆ రోజుల్లో మెకానిక్ కొత్త భాగాన్ని కారుకు బిగించి, విప్పిన పాత భాగాన్ని అదే పెట్టెలో పెట్టి అలమరలోకి తోసేసేవాడు. యాభై ఏళ్ల తరువాత ఆ పెట్టె ఎన్‌ఓఎస్‌గా అంగట్లోకి వస్తుంది. అందుకే బోల్టు రంధ్రాల చుట్టూ వాషర్ గుర్తులున్నాయా, ఎలక్ట్రికల్ టెర్మినళ్ల మీద గీతలున్నాయా అని అడిగి తీరాలి.

మంచి వ్యాపారి ఎలా ఉంటాడు? అడగకముందే తేదీ కోడు ఫోటో పెడతాడు. భాగానికి మొదటి నంబరేదో, తరువాత దాని స్థానంలో వచ్చిన నంబరేదో విడిగా రాస్తాడు. గోదాములో పడ్డ సొట్టనూ, పూత మీద వచ్చిన తెల్లమచ్చనూ దాచడు. కారు తయారీ తేదీ చెబితే, 'ఇది మీ కారుకు తరువాతిది, వద్దు' అని అమ్మకం వదులుకోగలడు. ఇలాంటివారు కొద్దిమందే ఉన్నారు, వారి ధరలు మిగతావారి కంటే ఎక్కువే ఉంటాయి, ఆ ఎక్కువ న్యాయమైనదేనని నా అభిప్రాయం. మనం కొనేది ఇనుముతో పాటు ఆ జ్ఞానాన్ని కూడా. ఎంబ్లెమ్‌లు, లైటు అద్దాలు, క్రోమ్ పట్టీలు, డ్యాష్‌బోర్డు బటన్లు లాంటి వాటికి నేను మొదట వెళ్లేది ఇటే, ఎందుకంటే వీటిలో చాలావాటిపై తేదీ ఉండదు, పూత గుణం, గీత పదును మాత్రం కొత్తగా చేసిన నకళ్లలో సరిగా రావు.

కంపెనీల సొంత క్లాసిక్ విభాగాల తీరు వేరు. మెర్సిడెస్-బెంజ్ 1993లో జర్మనీలోని ఫెల్‌బాఖ్‌లో క్లాసిక్ సెంటర్ తెరిచింది. పోర్షె క్లాసిక్ 2018లో కొన్ని అరుదైన భాగాలను త్రీడీ ప్రింటింగ్‌తో చేయడం మొదలుపెట్టింది. కేవలం 292 కార్లు తయారైన 959 మోడల్ క్లచ్ రిలీజ్ లివర్ వాటిలో ఒకటి, అంత చిన్న సంఖ్య కోసం మళ్లీ పోత అచ్చు చేయించడం గిట్టుబాటు కాదు కాబట్టి లోహపు పొడిని లేజర్‌తో కరిగించి పొరలు పొరలుగా కట్టారు. నిస్సాన్ 2017లో ఆర్32 జీటీ-ఆర్ కారు కోసం తయారీ ఆగిపోయిన భాగాలను మళ్లీ అందించడం ప్రారంభించింది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అయితే 1988లోనే ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారు బాడీ మొత్తాన్ని పాత ప్రెస్ అచ్చులతో తిరిగి తయారుచేసింది. ఇవన్నీ గౌరవించదగిన పనులు. కారు నడవడానికి, భద్రతకు, సరిగ్గా అమరడానికి వీటిని మించినవి లేవు. జడ్జింగ్ దగ్గరకు వచ్చేసరికి నా మార్కులు కొంచెం తగ్గుతాయి. ఇవాళ తయారైన భాగం మీద ఇవాళ్టి లోగో, ఇవాళ్టి ముద్ర, ఇవాళ్టి నిబంధనలకు లోబడిన పూత ఉంటాయి. వాటి మీది కంపెనీ పేరు చూసి జడ్జి మెత్తబడడు. లోపల దాగి ఉండే బేరింగులు, సీళ్లు, గాస్కెట్లు ఇక్కడ కొనడానికి సందేహించనక్కరలేదు. బయటికి కనిపించే హోసులు, క్లాంపులు, స్టిక్కర్లు కొనేటప్పుడు మాత్రం పాత ఫోటోతో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

జనరల్ మోటర్స్ లైసెన్సుతో బయటి సంస్థలు చేసే రిస్టోరేషన్ పార్ట్స్ గురించి ఒక్క మాట చాలు. లైసెన్సు ముద్ర కంపెనీ అనుమతిని సూచిస్తుంది, జడ్జి ఆమోదాన్ని కాదు. వాటిలో చాలా మంచివీ ఉన్నాయి, అసలు దానికి పోలికే లేనివీ ఉన్నాయి.

సంతల్లో పెద్దపీట హెర్షీదే. పెన్సిల్వేనియాలోని ఆ ఊరిలో ఏటా అక్టోబరులో ఏఏసీఏ జరిపే శరత్కాల సమావేశానికి వేల సంఖ్యలో స్థలాలు కేటాయిస్తారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి కార్ల భాగాలకు ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. అదే రాష్ట్రంలోని కార్లైల్‌లో కార్వెట్లకు ప్రత్యేకంగా జరిగే మేళా మరొకటి. సంతలో ఉన్న పెద్ద సౌకర్యం భాగాన్ని చేత్తో పట్టుకోవడం. బరువు తెలుస్తుంది, పోత ఇసుక గరుకు తెలుస్తుంది, ఫాస్ఫేట్ నలుపుకూ మామూలు నల్ల రంగుకూ తేడా ఎండలో వెంటనే కనిపిస్తుంది. భూతద్దం, టార్చిలైటు, కావలసిన నంబర్ల పట్టిక వెంట తీసుకెళ్లకపోతే ఈ సౌకర్యమంతా వృథా. లోపం కూడా స్పష్టమే: అమ్మిన వస్తువు వెనక్కి తీసుకునే పద్ధతి చాలా దుకాణాల్లో ఉండదు, పైగా పక్కన ఇంకొకరు అదే భాగం వైపు చూస్తూ నిలబడితే మనిషికి తేదీలు చదివే ఓపిక పోతుంది. ఏ భాగాన్నీ ఎన్‌ఓఎస్ అని పిలవకుండా, 'ఇది ఫలానా డీలర్ మూతపడ్డప్పుడు కొన్న సరుకు' అని మాత్రమే చెప్పే వృద్ధుల దుకాణాల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను.

ఆన్‌లైన్ వేలాల మీద పెద్దగా చెప్పవలసింది లేదు. సరుకు అపారం, వర్ణన నమ్మరానిది, ఫోటో అడిగితే పంపని వారి దగ్గర కొనకపోవడం మేలు.

నా లెక్కలో జడ్జింగ్ కార్లకు అసలైన మేలు చేసేవి వాడిన భాగాలు, వాటిని బాగుచేసే వర్క్‌షాపులు. ఇది విన్నవారికి తిరకాసుగా తోచవచ్చు. కానీ సరైన తేదీ ఉన్న వాడిన డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగం), తేదీ తప్పిన ఎన్‌ఓఎస్ డిస్ట్రిబ్యూటర్ కంటే ఎప్పుడూ మెరుగే. స్థితిని బాగుచేయవచ్చు, తేదీని బాగుచేయలేం. స్టార్టర్లు, ఆల్టర్నేటర్లు, కార్బురేటర్లు, నీటి పంపులు, ఇంధన పంపులు ఈ దారిలోనే వెతుక్కోవాలి.

అయితే మామూలు మరమ్మతు వర్క్‌షాపుకూ, పోటీల కోసం పనిచేసే వర్క్‌షాపుకూ మధ్య చాలా దూరం ఉంది. మొదటివాడు వచ్చినదాన్ని వచ్చినట్టే గాజు పూసలతో బ్లాస్టింగ్ చేసి, మెరిసేలా పాలిష్ పట్టి, చక్కగా పనిచేసేలా చేసి ఇస్తాడు. ఆ మెరుపులో ఫ్యాక్టరీ మెషీన్ గీతలు పోతాయి, సిరాతో కొట్టిన ముద్రలు పోతాయి, కాడ్మియం పూత ఉండవలసిన లివర్ మీద మరేదో పూత వచ్చి కూర్చుంటుంది. ఫ్యాక్టరీలో ఎప్పుడూ లేని నునుపుకు కూడా పాయింట్లు పోతాయన్నది కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారికి మింగుడుపడని నిజం. పోత ఇనుము పోత ఇనుములాగే ఉండాలి. రంగు కారిన చోట కారినట్టే ఉండవచ్చు. అందుకే భాగం పంపేటప్పుడు ఏ స్క్రూకు ఏ పూత, ఏ ట్యాగు ముట్టకూడదు, ఏ ముద్ర నిలవాలి అన్నది కాగితం మీద రాసి పంపాలి. మంచి వర్క్‌షాపు ఆ కాగితం చూసి విసుక్కోదు, ఇంకా రెండు ప్రశ్నలు తిరిగి అడుగుతుంది. ఈ రెండో రకానికి నెలల తరబడి వరుస ఉంటుంది, అది ఒక్కటే నా ఫిర్యాదు.

వీరిలో కొందరు చాటుగా ఇవ్వజూపే ఇంకో సేవ ఉంది: పాత నంబరు చెరిపి కొత్తది కొట్టడం. దీన్ని నేను ఏ విలువకూ సిఫారసు చేయను. నీతి సంగతి అటుంచి, ఇంజన్ ప్యాడ్ మీద ఫ్యాక్టరీ కోత యంత్రం వదిలిన సమాంతర గీతలుంటాయి. ప్యాడ్‌ను అరగదీస్తే అవి పోతాయి, మళ్లీ గీస్తే వాటి ఎడం కుదరదు. అనుభవం ఉన్న జడ్జి నంబరు చదవకముందే ఆ గీతలను చదువుతాడు.

ఏ అమ్మకందారు దగ్గరికి వెళ్లినా ముందుగా పెట్టవలసిన ఖర్చు పుస్తకాల మీద. కారు బిగింపు తీరు చూపే ఆ సంవత్సరపు అసెంబ్లీ మాన్యువల్, కారు తయారైన కాలానికి దగ్గరి విడిభాగాల క్యాటలాగు, పోటీ జరిపే క్లబ్బు జడ్జింగ్ గైడు. క్యాటలాగు విషయంలో ముద్రణ సంవత్సరం చూడాలి. పదేళ్ల తరువాతి ముద్రణలో మొదటి నంబర్లు తీసేసి, వాటి స్థానంలో వచ్చినవి మాత్రమే ఉంటాయి, దాన్ని పట్టుకుని వెతికితే తప్పు భాగాన్ని ఎంతో శ్రద్ధగా కొంటాం.

రబ్బరు విషయంలో నా తీర్పు అందరికీ నచ్చకపోవచ్చు. పాత నిల్వలోని బ్రేకు హోసులు, వీల్ సిలిండర్ సీళ్లు, టైర్లు ఎంత అసలైనవైనా కారుకు బిగించి రోడ్డు మీదికి తీసుకెళ్లకూడదు. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, లోపల పగుళ్లు వస్తాయి. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి వాటిని గరుకు కాగితంతో రుద్దడం, గాలి కొట్టి దులపడం ప్రమాదం. ఇక్కడ నకలు భాగాలే కొనాలి, వాటిలోనూ అసలు అచ్చు అక్షరాలు, గీతలు తీసుకువచ్చిన తయారీదారులున్నారు.

గడియారాలు, హారన్లు, రేడియోల దగ్గర పరీక్షించి అమ్మేవారికే నేను డబ్బు ఇస్తాను. ఎన్‌సీఆర్‌ఎస్ జడ్జింగ్‌లో ఆపరేషన్స్ అని ఒక విభాగం ఉంది, అక్కడ వస్తువు అసలైనదైతే సరిపోదు, పనిచేయాలి కూడా. 1960ల నాటి ఎలక్ట్రిక్ గడియారం పెట్టెలో పడుకునే పాడవుతుంది, దాని నూనె గడ్డకడుతుంది. కరెంటు ఇవ్వగానే కదలలేని యంత్రం కాంటాక్టు పాయింట్లను కాల్చేసుకుంటుంది. కాబట్టి సీలు తీయని పెట్టెలోని గడియారం కంటే, విప్పి, శుభ్రం చేసి, కొన్ని రోజులు బల్ల మీద నడిపి చూశామని రాసిచ్చిన గడియారానికే ఎక్కువ ధర పెట్టడం సబబు.